మావయ్యగారి కాలు బ్రేకు మీదుంది

ఏమండీ, ఎంత లేపినా లేవలేదు కాబట్టి రాస్తున్నాను. లేవగానే కాఫీ అంటూ వంటింట్లోకి వెళ్లకుండా ముందు వీధిలోకి పరుగెత్తండి. నిన్న మీరు బాగుచేసిన హ్యాండ్ బ్రేకు పట్టక, పాత కారు పల్లంలోకి జారబోయింది. మావయ్యగారు ఎక్కి కాలి బ్రేకు తొక్కిపట్టి కూర్చున్నారు. చక్రాలకి రాళ్లు అడ్డం పెడతానంటే, "నా కారుకి రాళ్లా!" అని ఇంతెత్తున లేచారు. ఆయన్ని బతిమాలి, రాళ్లు పెట్టి, దింపండి. తర్వాత కారు కిందికి దూరి కేబుల్ నట్టు బిగించండి. పోయినసారిలా చక్రమే తిరగనంతగా బిగించకండి. నాకు డ్యూటీకి టైమైపోయింది.

అన్నట్టు, అత్తయ్య కూడా మంచి చీర కట్టుకుని పక్క సీట్లో కూర్చున్నారు. పెళ్లయ్యాక మావయ్యగారు మధ్యలో లేచి వెళ్లిపోకుండా ఇంతసేపు ఆవిడ మాట వినడం ఇదే మొదటిసారట. ఫ్లాస్కులో కాఫీ ఉంది, తాగే వెళ్లండి.