కంకర పరిచేదాకా

మురుగునీటి పారుదల శాఖ కార్యనిర్వాహక ఇంజినీరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా వీధిలో వేయుచున్న భూగర్భ మురుగు పైపుల కింద ఇటుకలు పెట్టుట మాన్పించి, కందకం పూడ్చకముందే పైపు కింద నేలకు తగిన పరుపు (బెడ్డింగు) వేయించుట గురించి.

నేను తమ కార్యాలయం గేటు పక్కన టైపు మిషను పెట్టుకుని, ఇతరుల అర్జీలు కొట్టి బతికేవాడిని. తమ బల్ల మీదికి వచ్చే కాగితాల్లో సగం నా చేతి మీదుగా వచ్చినవే. "తమరు దయతో పరిశీలించి" అన్న మాట ఎక్కడ వేయాలో, ఎక్కడ రెండుసార్లు వేయాలో నాకు కొట్టిన పిండి. ఈసారి అర్జీదారు నేనే కావడంతో ఆ తెలివి సరిగా పనిచేయడం లేదు. తప్పులుంటే మన్నించవలెను.

1. పోయినేడాది ఎండాకాలంలో మా వీధిలో మురుగు పైపు వేశారు. కందకం అడుగున నీటి ఊట ఉంది. అడుగు చదును చేయలేదు, ఏమీ పరచలేదు. ఒక్కో పైపుకు రెండు చివర్లా ఇటుకలు పేర్చి, దారం కట్టి వాలు సరిచూశారు. తనిఖీకి వచ్చిన అధికారి గట్టు మీద నిలబడి దారం చూసి, వాలు సక్రమముగా ఉన్నదని సంతకం చేసి వెళ్లారు. వాలు నిజంగానే సక్రమంగా ఉంది. పైపు నడుము మాత్రం గాల్లో ఉంది. దాని మీద మట్టి పోశారు, మట్టి మీద లారీలు తిరిగాయి.

2. తొలి వానలకే పైపు మధ్యకు విరిగింది. మురుగు పక్కనే ఉన్న మంచినీటి గొట్టంలోకి చేరింది. వీధిలో ఇంటింటా వాంతులు, విరేచనాలు. మిగతావారు కోలుకున్నారు. మా ద్వితీయ కుమార్తె, వయస్సు నాలుగు సంవత్సరములు, ఆసుపత్రి యందు మృతి చెందినది.

"మృతి చెందినది" అని ఎందరి కోసమో కొట్టాను. అప్పుడెప్పుడూ వేలు ఆగలేదు. దాన్ని మేము బుడంకాయ అని పిలిచేవాళ్లం. బుగ్గలు చూసి వాళ్లక్క పెట్టిన పేరు. వాంతులైన పిల్లకు నీళ్లు బాగా పట్టించాలని అందరూ చెబితే, మేము మా కుళాయి నీళ్లే గ్లాసుల కొద్దీ పట్టించాం. అది కూడా బుద్ధిగా తాగింది.

3. దీనిపై నేను పెట్టుకున్న అర్జీకి తమ కార్యాలయం నుండి జవాబు వచ్చినది. మరణము వైద్య శాఖ పరిధిలోనిదనియు, పైపు తమ పరిధిలోనిదనియు, పైపు విరిగిన పిదపనే మరణము సంభవించినట్లు రుజువు జతపరచవలెననియు అందులో ఉన్నది. అప్పటికి పైపూ మట్టిలోనే ఉంది, పిల్లా మట్టిలోనే ఉంది. ఏది తవ్వి రుజువు తేవాలో జవాబులో రాయలేదు.

4. విరిగిన పైపు బయటికి తీసిన రోజున, అప్పట్లో ఇక్కడ పనిచేసిన తమ శాఖ ఇంజినీరు ఒకాయన స్వయంగా కందకంలోకి దిగారు. నేను అడిగితే ఓపిగ్గా విడమరిచి చెప్పారు.

"పైపు పొడవునా కింద ఆనాలండీ. గట్టి పొడినేలైతే ఇసుక పరిస్తే సరిపోతుంది. ఇక్కడ ఊట ఉంది కదా, ఇసుక కొట్టుకుపోతుంది. చిన్న కంకర వేసి, మట్టి అందులోకి దిగకుండా చుట్టూ గుడ్డ చుట్టాలి. ఆ మలుపులో పైపు మరీ పైకుంది, లారీల బరువు దాని మీదే పడుతుంది. అక్కడ కాంక్రీటే వేయాలి. ఏది గొప్పదని కాదు, ఏ నేలకి ఏది సరిపోతుందని చూసుకోవాలి."

అదే మాట ఆయన రిపోర్టులో కూడా రాశారని విన్నాను. తర్వాత ఆయనకు బదిలీ అయింది. ఆయనతోపాటు రిపోర్టుకూ అయినట్టుంది.

5. ప్రస్తుతం కొత్త పైపులు వచ్చాయి, కంకర రాలేదు. పాత కందకంలోంచి తీసిన ఇటుకలనే బురద కడిగి మా గుమ్మం పక్కన పేర్చారు. అవే ఇటుకలు, అయ్యా. కొన్నిటికి పాత సిమెంటు ఇంకా అంటుకునే ఉంది. వాటినే మళ్లీ పైపుల కింద పెడుతుంటే మేస్త్రీని అడిగాను.

"కంకరేది మేస్త్రీ?"

"ఎస్టిమేట్లో ఇసుకేనండీ ఉంది."

"మరి ఇసుకేది?"

"ఈ ఊటలో ఇసుక నిలుస్తుందా అండీ? అందుకే తెప్పించలేదు."

"ఇసుక నిలవదని ఇటుకలు పెడతావా?"

"పైన మట్టి పడ్డాక లోపల ఏముందో ఎవరికి కావాలండీ? రేపు తనిఖీ అవగానే పూడ్చేస్తాం. మీరు ఊరికే కంగారుపడిపోతున్నారు."

ఇలాంటి చోట "అతనిపై నాకు ఎట్టి ద్వేషమూ లేదు" అని రాయడం ఆనవాయితీ. నాకు ఉంది.

6. మాకు పెద్దమ్మాయి మిగిలింది. అది ఇప్పుడు బయట ఎక్కడా నీళ్లు ముట్టదు. ఇంట్లో కాచి చల్లార్చి ఇచ్చినా, ముందు వాళ్లమ్మ తాగాలి. తాగి కాసేపు ఎదురుగా కూర్చోవాలి. అమ్మకు ఏమీ కాలేదని చూసుకుని, అప్పుడు తాగుతుంది. దానికి తొమ్మిదేళ్లు. ఆ పైపు మళ్లీ విరిగితే ఆ పిల్లకు నేను ఏం చెప్పి నీళ్లు తాగించను?

కావున నేను పరిహారం కోరడం లేదు. ఎవరిని శిక్షించమనీ కోరడం లేదు. ఆ ఇటుకలు తీయించి, కందకం పొడవునా కంకర పరిపించి, మలుపులో కాంక్రీటు వేయించి, పైపు మూతులు లావుగా ఉంటాయి కనుక వాటి కింద చిన్న గుంటలు తీయించి, పైపు ఒళ్లంతా కింద ఆనిన తర్వాతే మట్టి కప్పించవలెనని మాత్రమే కోరుచున్నాను.

ఈ మనవి చిత్తగించి, సంతకానికి ముందు ఒక్కసారి దారాన్ని వదిలి కిందికి చూడవలెనని వేడుకొనుచు,

ఇంతవరకు తమ విధేయుడు,
గేటు పక్క టైపిస్టు

తా.క. పై కాగితం నిన్న టైపు చేసింది. ఇది ఇవాళ చేత్తో రాస్తున్నాను. కందకంలో కూర్చుని రాస్తున్నాను కాబట్టి అక్షరాలు వంకర పోతున్నాయి.

పొద్దున తనిఖీ అయిపోయింది. అధికారి వచ్చి దారం చూశారు, సంతకం పెట్టారు, వెళ్లిపోయారు. పారలు రాగానే మా ఆవిడ నిచ్చెన దిగి, పైపు పక్కన ఆ బురదలోనే కూర్చుంది. వెనకాలే నేనూ దిగి, పైపుకు ఈ పక్కన కూర్చున్నాను.

"ఏంటమ్మా ఇది, లేవండి. పైన మట్టి పడుద్ది" అన్నాడు మేస్త్రీ.

"పోసెయ్ బాబూ. మట్టి పోయడం చూసినవాళ్లమే" అంది.

అతను పార కింద పెట్టి గట్టు మీద కూలబడ్డాడు. ఎదురింటాయన ఈ కాగితం తమ దగ్గరికి తెస్తానని పైన నిలబడి ఉన్నాడు, అందుకే త్వరగా ముగిస్తున్నాను.

తమకు రుజువు కావాలి కదా. నేను ఈ పక్కనుంచి పైపు కింద చెయ్యి పెట్టాను. మా ఆవిడ ఆ పక్కనుంచి పెట్టింది. మధ్యలో ఎక్కడా ఏదీ అడ్డం రాలేదు, ఆమె చెయ్యి నా చేతికి తగిలింది. పట్టుకున్నాం. అక్కడ కంకర ఉండాలి. కుడి చేత్తో ఇది రాస్తున్నాను, ఎడం చెయ్యి ఇంకా పైపు కిందే ఉంది. కంకర లారీ వచ్చేదాకా ఇద్దరం తీయం.