అమెరికా బాలవ్వ చాట

ఖాజాగూడ,
ఆదివారం

లక్ష్మక్కకు నీ చెల్లెలు సుజాత దండాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను. ఆ రెండు ప్రశ్నలు నువ్వు అడిగే పని లేకుండా ముందే చెప్పేశాను. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? బావ దగ్గు తగ్గిందా? బుజ్జిది ఏడవకుండా బడికి పోతోందా?

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వుతున్నావు కదూ. నీ ఫోన్ సంగతి నాకు తెలియదా? చేతులు బీడీల మీద, ఫోన్ స్పీకర్ మీద. నేనిక్కడ తుమ్మితే అక్కడ అరుగు మీదున్న వాళ్ళందరూ చిరంజీవ అంటారు. నా గదిలో చూస్తే మంచానికి మంచం ఆనుకునే ఉంటుంది, గుసగుస కూడా దాగదు. అందుకే రాస్తున్నాను. ఇది నువ్వొక్కదానివే చదువుకో. అమ్మకు అసలే చెప్పకు.

ఇక్కడ ముసురు పట్టి వదలడం లేదు. ఆఫీసు బస్సు దిగి హాస్టల్‌కు నడిచేసరికి చెప్పులు బురదలో ఉండిపోతున్నాయి. సాంబారులో ముక్క తగిలితే ఆ రోజు పండగే. నువ్వు పంపిన చింతకాయ తొక్కు అయిపోయింది, సగం రమణి తినేసింది. ఎవరైనా ఇటు వస్తుంటే మళ్ళీ కాస్త పంపు. రమణి అంటే ఆఫీసులో నా పక్క కుర్చీ, కాకినాడ వైపు పిల్ల. తొక్కును పచ్చడి అంటుంది కానీ మంచిదే. ఆమె తప్ప నాకిక్కడ ఎవరూ లేరు. అందరూ లేచే వేళకు పడుకునే మనిషికి తోడు ఎవరుంటారు చెప్పు.

మా చెల్లె కంప్యూటర్ కంపెనీల చేస్తది అని నువ్వు ఊరంతా చెప్పుకుంటావు. చేసేది ఏమిటో నేను నీకెప్పుడూ సరిగా చెప్పలేదు. అమెరికాలో ఒక పెద్ద గోదాము ఉంది. జనం ఫోన్లలో కొనుక్కునే సామాన్లు అక్కడ పెట్టెల్లో సర్ది పంపుతారు. సర్దే వాళ్ళ నెత్తి మీద కెమెరాలుంటాయి. వాళ్ళకు పొద్దున మొదలయ్యేసరికి మాకు సాయంత్రం. మేము తెర ముందు కూర్చుని వాళ్ళ చేతులు చూడాలి. చెయ్యి ఆగినా, ఇద్దరు ముగ్గురు ఒకచోట నిలబడినా, ఒకరి పెట్టె ఇంకొకరి బల్ల మీదికి పోయినా గుర్తు పెట్టాలి. అంతే అక్కా నా ఉద్యోగం. బీడీల లెక్క చూసే టేకేదారు నీ కట్టలు విప్పి వంకలు వెతికినట్టు, నేను వాళ్ళకు వంకలు వెతకాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది.

వాళ్ళ పేర్లు మాకు తెలియవు. నా తెరలో ఒక ముసలామె ఉంటుంది, తలకు ఎర్ర గుడ్డ కట్టుకుంటుంది. పని మధ్యలో మణికట్టు పట్టుకుని అచ్చం అరుగు మీద మీతో బీడీలు చుట్టే మన బాలవ్వలాగే తిప్పుకుంటుంది. నేను ఆమెకు అమెరికా బాలవ్వ అని పేరు పెట్టాను. రమణికి కూడా అదే పేరు అలవాటైంది.

ఒకరోజు అమెరికా బాలవ్వ చెయ్యి బాగా నొప్పి పెట్టినట్టుంది, చాలాసేపు సర్దలేకపోయింది. ఎడమ పక్కామె తల ఎత్తకుండానే, తాను సర్దిన పెట్టెను మెల్లగా ఆమె బల్ల మీదికి నూకింది. కాసేపటికి కుడి పక్కామె కూడా ఒకటి నూకింది. ఎవరి బల్ల మీది పెట్టె వాళ్ళ లెక్కలోకే పోతుంది. నాకు వెంటనే మన అరుగు గుర్తొచ్చింది. మన బాలవ్వ దవాఖానాకు పోయినప్పుడల్లా ఆమె చోట చాట వేసి, తలా పిడికెడు బీడీలు అందులో వేసే వాళ్ళు కదా మీరంతా! టేకేదారు వచ్చి, "దవాఖానల ఉంటివి గద బాలవ్వా, గిన్ని ఎట్ల చుట్టినవ్?" అంటే, ఆమె ముఖంలో ముఖం పెట్టి, "ఆకు మంచిగుండె సేటూ" అన్నదని నువ్వే పడీపడీ నవ్వుతూ చెప్పావు. మన ఊళ్ళో బీడీ కార్మికుల సంఘం తర్వాత వచ్చింది, ఆ పిడికెడే ముందు వచ్చింది.

నేను గుర్తు పెట్టలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా పెట్టలేదు.

అసలు సంగతి రమణి చెప్పింది. "వాళ్ళక్కడ యూనియన్ పెట్టుకుంటున్నారంట సుజాతా. ముందు ఓట్లు వేసుకోవాలంట, సగం మంది దాటితేనే యూనియన్ అంట. ఓట్లకి ముందే ఎవరు ఎవరితో కలుస్తున్నారో తెలుసుకోవాలని కంపెనీవాళ్ళ తొందర. మనల్ని ఇదంతా చూడమనేది అందుకే." అమెరికాలో కూడా సంఘం కోసం భయపడుతూ కొట్లాడే కూలీలుంటారని నాకు అప్పుడే తెలిసింది. వాళ్ళ భయంలో నాకూ ఒక కుర్చీ వేశారని కూడా అప్పుడే తెలిసింది.

పోయిన వారం అమెరికా బాలవ్వ రాలేదు. ఆమె బల్ల ఖాళీ. తీసేశారేమోనని భయపడ్డాను. చూస్తూ ఉండగానే ఎడమ నుంచి ఒక పెట్టె వచ్చింది, కుడి నుంచి ఇంకొకటి, ఎదుటి వరుస నుంచి కూడా. లేని మనిషి బల్ల మీద పెట్టెలు పేరుతున్నాయి. చాట వేశారంటే మనిషి వస్తుందనే కదా అక్కా! నాకు ఏడుపొచ్చింది.

కానీ ఖాళీ బల్ల లెక్క పెరిగితే పైవాళ్ళకు తెలియకుండా ఉంటుందా? మా టీమ్ లీడ్ శ్రీనివాస్ గారు నన్ను అద్దాల గదిలోకి పిలిచారు. భీమవరం మనిషి, గొంతు పెంచి ఎరుగరు. అదే వీడియో నా ముందు పెట్టారు.

"సుజాత గారూ, మిమ్మల్ని నేను ఏమీ అనట్లేదండి. మొదటి పెట్టె ఎవరు తోశారో ఒక్కటి చెప్పండి చాలు. అంత దూరంలో ఉన్న మనిషితో మీకేం పనండి?"

"ఎవ్వలు నూకలె సార్. అవ్వే జారినయ్" అన్నాను. ఆకు మంచిగుండె అనే మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

ఆయన కళ్ళు మూసుకుని నుదురు రుద్దుకున్నారు. "నా పైన కూడా ఒకళ్ళున్నారండి. సోమవారం దాకా మీకు డ్యూటీ లేదు. ఆలోచించుకుని రండి."

మానేసి వచ్చెయ్ అంటావని తెలుసు. చేరేటప్పుడే నా అసలు సర్టిఫికెట్లన్నీ తీసుకుని పెట్టుకున్నారు. ఒప్పుకున్న గడువు తీరందే ఇవ్వరు. అవి లేకుండా ఇంకో చోట గేటు కూడా దాటనివ్వరు. ఉండాలంటే ఆ ఎడమ పక్కామెను చూపించాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈ నాలుగు గోడల మధ్య కూర్చుని అదే వీడియో కళ్ళ ముందు తిప్పుకుంటున్నాను. నీ దగ్గర దాచడం దేనికి, నిన్న ఒక క్షణం చెప్పేద్దామనే అనుకున్నాను. ఆమె ఎవరో, నేనెవరో అనిపించింది. భయం అలాంటిది అక్కా.

ఈ ఉత్తరం ఇక్కడి దాకా రాసి పెట్టాను. ఇందాక రమణి తడుస్తూ వచ్చింది, చేతిలో మిర్చి బజ్జీల పొట్లం. నా తర్వాత ఆమెనూ పిలిచి అదే వీడియో చూపించారట.

"ఏం చెప్పావే?" అన్నాను.

"జారిపోయాయండీ అన్నాను. మన వరుసలో అందర్నీ పిలిచారు. అందరూ అదే మాట. పాపం శ్రీనివాస్ గారు, ఆ పెట్టెలకి కాళ్ళొచ్చాయా అని అడిగారు." అని నవ్వి, బజ్జీ కొరుకుతూ మామూలుగా అంది, "నీ కుర్చీలో కొత్తమ్మాయిని కూర్చోబెట్టబోయారు. అక్కడ మనిషి ఉందని చెప్పి నీ నీళ్ళ సీసా పెట్టాం. రోజూ ఎవరో ఒకరం నింపుతున్నాం."

అక్కా, ఆ పిల్లకు నేను మన పిడికెడు సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

దీంతో తలుపేమీ తెరుచుకోలేదు. సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలోనే ఉన్నాయి, రేపు సోమవారం, ఆ అద్దాల గదిలోకి నేను పోక తప్పదు. ఇప్పుడు నాతోపాటు మా వరుసంతా ఇరుక్కుంది. భయం పోలేదు.

ఒక్కదానివే చదువుకో అన్నాను కదా, వద్దు. అరుగు మీద అందరి ముందూ చదువు. బాలవ్వకు చెవుడు, ఆమె దగ్గర గట్టిగా చదువు. అమ్మకు నువ్వే మెల్లగా చెప్పు. పెద్దవాళ్ళందరికీ నా దండాలు, బుజ్జికి ముద్దులు. ఈ ఉత్తరం ఈ రాత్రే మన ఊరి బస్సు కండక్టరు చేతికి ఇస్తున్నాను, పొద్దుటికి నీకు అందుతుంది. రేపు సాయంత్రం నేను లోపలికి పోయే వేళకు మీరంతా చాటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఉంటారు. ఒక్కసారి నన్ను తలుచుకుని దీవించండి.

నా చాట కూడా ఇక్కడ వేసే ఉంది అక్కా.

నీ చెల్లెలు
సుజాత