రూతు చెప్పిన లోపం

హిందూపురం, 5 డిసెంబరు 1961, మంగళవారం

ఇన్నేళ్ల టీచరు నౌకరీలో ఒక పిల్ల పట్టుబట్టి నా చేత తన తప్పు రాయించుకోవడం ఇదే మొదటిసారి.

అమెరికా నుంచి వచ్చిన మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ కూతురు రూతు పెనుకొండలో పుట్టింది. పాస్‌పోర్టు అమెరికాది, ఆ దేశాన్ని మాత్రం ఇంకా చూడలేదు. ఇప్పుడు అక్కడి ఒక చిన్న కాలేజీకి దరఖాస్తు పెడుతోంది. సాహిత్యం, లెక్కలు, సంగీతం అన్నీ కలిపి నేర్పుతారట. టీచరు నింపాల్సిన కాగితంలో ‘ఈ విద్యార్థిలో ఉన్న లోపమేమిటి?’ అని అడిగారు. కాండక్ట్ సర్టిఫికెట్లు రాసే అలవాటు కొద్దీ ‘నడవడిక ఉత్తమం, లోపమేమీ లేదు’ అని రాశాను.

రూతు చదివి తల అడ్డంగా ఊపింది.

"ఇట్ల రాస్తే ఎట్ల సార్? ధర్మవరంలో మగ్గం నేర్చుకుంటానని పోయి, పోగు తెగితే అతికే ఓపిక లేక నెలకే వదిలేసి వచ్చినా గదా. అది రాయండి."

"అట్ల రాస్తే వాళ్లు నీకు సీటిస్తారా పాపా?"

"ఇయ్యకపోతే పోనీండి సార్. లోపమే లేని పిల్ల యాడా ఉండదు గదా. అట్ల లేని పిల్లకు సీటిచ్చి వాళ్లేం చేసుకుంటారు?"

పదిహేడేళ్లకు అంత ధైర్యం ఎక్కడిది! నా వాక్యం కొట్టేసి, ఆమె చెప్పినట్టే రాసి పోస్టు చేశాను. అప్పటినుంచి ఒకటే భయం, నా రాత ఆ పిల్లకు అడ్డం పడుతుందేమోనని...

ఇంకోటి కూడా మనసును తొలుస్తోంది. ‘నడవడిక ఉత్తమం’ అని ఎన్ని వందల మందికి రాసిచ్చానో. కూర్చుని తలుచుకుంటే వాళ్లలో ఒక్కరి ముఖమూ గుర్తుకు రావడం లేదు.