సాక్షి గడిలో మీ అమ్మ సంతకం

స్వప్నా, నా బంగారు తల్లీ,

నువ్వుంటే ఇవాళ గంతులేసేదానివి. అవయవదానం మీద దేశదేశాల డాక్టర్లు వచ్చే పెద్ద సభ మన సికింద్రాబాద్‌లో పెడుతున్నారు. ఏర్పాట్ల మీటింగుకు నన్నూ పిలిచి, నా కుర్చీ ముందు నా పేరు రాసిపెట్టారమ్మా! లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఇనుము కోసినవాడికి ఇంతకన్నా ఏం కావాలి? కూతురి గుండె, కిడ్నీలు ఇచ్చిన తండ్రిగా మొదటి రోజే నన్ను మాట్లాడమన్నారు.

తర్వాత ఒక మేడమ్, సభలో ప్రదర్శించే కాగితాలు చూపించింది. అందులో, పోయాక అవయవాలు ఇస్తానని నువ్వు బతికుండగా నింపిన దాత కార్డు ఉంది. మీ అమ్మే ఇచ్చిందట. అలాంటిది ఒకటుందని నాకు తెలియనే తెలియదు. సాక్షి గడిలో మీ అమ్మ సంతకం.

ఆ రోజు ఐసీయూ బయట నేను "ఇద్దాం" అంటే మీ అమ్మ ఏడుస్తూ తలూపింది. ఆ నిర్ణయం నాదేనని ఇన్నేళ్లూ సీతాఫల్‌మండి అంతా చెప్పుకుని తిరిగాను. నువ్వూ మీ అమ్మా కలిసి నన్ను మోసం చేశారు తల్లీ.

ఇంటికొచ్చి మీ అమ్మను నిలదీశాను.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే చింపుతుండె నువ్వు. రక్తమిచ్చొచ్చిందని పిల్లతోని నెల దినాలు మాట్లాడలె. యాదికున్నదా?"

యాదికుంది. చింపేవాడినే. అయినా కోపం తగ్గలేదు, రాత్రి అన్నం దగ్గర కూడా ఆమెతో మాట్లాడలేదు.

ప్రసంగంలో మొదటి మాట "నా కూతురి అవయవాలు నేనిచ్చాను" అని రాసుకున్నాను. పొద్దున అది కొట్టేశాను. ఇప్పుడక్కడ, "నా బిడ్డ ఇచ్చింది, నాకు చెప్పకుండా" అని ఉంది.

నీ నాయిన