పాత కార్నెట్‌కి మౌత్‌పీసు

జూన్ 9, ఆదివారం
విజయవాడలో పాత ఇత్తడి సామాన్ల కొట్లో కొన్న కార్నెట్ బూరని ఇవాళ చింతపండుతో తోమాను. తళతళలాడుతోంది. ఊదడానికి పెదాలకి ఆనించే మౌత్‌పీసే లేదు. యాభై రెండేళ్ళొచ్చాక ఈ సరదా ఏంటని మావారు నవ్వారు. కాన్వెంట్ బ్యాండులో ఏడాది ఊదాను. ఆడపిల్లకి బూరలేంటని నాన్న మాన్పించేశాడు. ముప్పై ఎనిమిదేళ్ళయినా ఆ కోరిక చావలేదు. ఈసారి మానను.

జూన్ 14
ఆన్‌లైన్‌లో తెప్పించిన మౌత్‌పీసు గొట్టంలోకి దిగనే లేదు. రిటర్న్.

జూన్ 20
రెండోది సగం దిగి ఆగింది. విస్సన్నపేట లేత్ అతను అరగదీస్తానని మరీ అరగదీసేశాడు. ఇప్పుడు వదులు. కుళాయిలకి చుట్టే తెల్ల టేపు చుట్టి ఊదాను. గాలంతా పక్కనించి పోతోంది. గేదె ఈనుతున్నట్టుందన్నారు మావారు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

జూన్ 23, ఆదివారం, సాయంత్రం
బ్యాండు మాస్టారు యేసుపాదాన్ని పిలిపించాను. డెబ్భై దాటాయి. డీజేలొచ్చాక బ్యాండు మూసేశాడు. చూడగానే ఇది పాత కొలత అమ్మగారూ, ఇప్పటివి పట్టవు అన్నాడు. జేబులోంచి తన మౌత్‌పీసు తీసి పెట్టాడు. అతుక్కున్నట్టు కూర్చుంది. ఒక్క స్వరం ఊదాడు. వంటింట్లో స్టీలు పళ్ళెం మోగింది.

అది నాకిస్తావా అని అడిగాను. తువ్వాలుతో తుడిచి జేబులో పెట్టేసుకున్నాడు. మా ఎంగిలి మీరు పెట్టుకోకూడదు లెండి అమ్మగారూ అన్నాడు. కోపంగా కాదు, నాకే సాయం చేస్తున్నట్టు.

ఫరవాలేదు అనాలి నేను. టీ పెడతానని లోపలికి వెళ్ళాను.

వెళ్ళాక చూశాను. మేం టీ తాగింది స్టీలు గ్లాసుల్లో. అతనికి పేపరు కప్పు. ఇచ్చింది నేనే. ఆలోచించి ఇవ్వలేదు, చెయ్యి దానంతటదే దానిమీదికి వెళ్ళింది. సిగ్గుగా ఉంది.

జూన్ 24
అప్పట్లో అన్నయ్య పెళ్ళికి యేసుపాదం బ్యాండే. ఎండలో వాయించి వచ్చిన వాళ్ళ దోసిళ్ళలోకి చెంబు ఎత్తిపట్టుకుని నీళ్ళు పోసింది నేను. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. పోస్తూ అతని కార్నెట్ వంకే చూస్తున్నాను. అడిగితే ముట్టుకోనిచ్చేవాడేమో.

జూన్ 29
వాన. ఆన్‌లైన్‌లో ఇంకోటి చూశాను. ఆర్డర్ పెట్టలేదు.

జూన్ 30, ఆదివారం
కార్నెట్ ఒళ్ళో పెట్టుకుని షేర్ ఆటోలో గంపలగూడెం, యేసుపాదం ఇంటికి. భార్య సామ్రాజ్యం కంగారుపడి కూల్‌డ్రింకు తెప్పించబోయింది. మీరు తాగే టీ చాలన్నాను. పెరట్లో చాలాసేపు గ్లాసు తోమిన చప్పుడు. వద్దనడానికి నాకేం మొహం ఉంది? చక్కెర ఎక్కువైంది. మొత్తం తాగాను.

నీళ్ళు పోసిన సంగతి చెప్పాను. గుర్తులేదట. అలాంటి పెళ్ళిళ్ళు ఎన్నని, ఏ ఇల్లని గుర్తుపెట్టుకోమంటారు అన్నాడు. తిట్టినా అంత తగిలేది కాదు.

తర్వాత తన మౌత్‌పీసు పెట్టి పాట అందుకున్నాడు. సగంలో దగ్గొచ్చింది. కార్నెట్ నా చేతికిస్తూ, మళ్ళీ తువ్వాలు తీశాడు.

జూలై 1
నిన్న తువ్వాలుతో తుడవనివ్వలేదు. మౌత్‌పీసు ఇంకా వెచ్చగా ఉండగానే ఊదాను. మొదటి స్వరం తప్పు పలికింది. పెదాలు బిగించమ్మా అన్నారు మాస్టారు. అమ్మగారూ అనలేదు.