మట్టి తినాల్సిన సంచి

మార్చి 4

మళ్ళీ చిరిగింది. నర్సరీ మొక్కల సంచుల కోసం పిండితో, మట్టిలో కుళ్ళి కలిసిపోయే ప్లాస్టిక్ ఫిల్మ్ తీస్తున్నాం. బలం కోసం అందులో నానో క్లే కలుపుతున్నాం. అంటే కంటికి కనబడనంత మెత్తటి బంకమట్టి. బలం ఇవ్వకపోగా అది ఉండలు కడుతోంది, ఉండ ఉన్నచోటల్లా ఫిల్మ్ పుటుక్కుమంటోంది. ఈ సీజన్‌లో నర్సరీ ఆర్డర్ రాకపోతే మా సెక్షన్ ఎత్తేస్తానని మేనేజర్ మొహం మీదే చెప్పాడు. సెక్షన్ అంటే ఎంతని, మా వదినా నేనూ ఒక మెషీనూ. ఇంట్లో అన్నయ్య భార్య, ఇక్కడ నా బాస్. ఆడపడుచుని కాబట్టి ఇంట్లో నేను ఆడిస్తాను, ల్యాబ్‌లో ఆవిడ ఆడిస్తుంది. చెల్లుకి చెల్లు.

మార్చి 6

వదిన ఇవాళ ఎవరితోనూ మాట్లాడలేదు, ఒక్క క్లేతో తప్ప.

మార్చి 11, సాయంత్రం

అమ్మ బాబోయ్, ఏం బుర్ర! ఫిల్మ్ మెత్తబడడానికి ఎలాగూ గ్లిజరిన్ పోస్తాం కదా, ఆ గ్లిజరిన్‌ని ముందే క్లేకి తాగించింది. నానేసరికి పొరలన్నీ ఉబ్బి విడివడ్డాయి. పిండిలో కలిపితే ఒక్క ఉండ లేదు. మెషీన్‌లో బిగించి లాగాం. సాగుతుందే కానీ తెగదు! నేను గెంతాను. ఆవిడ మాత్రం, గట్టిపడితే సరా, ఇంత గట్టిదాన్ని మట్టి తింటుందా అని గొణిగింది. ఈమెకి సంతోషపడడం ఎవరైనా నేర్పాలి.

మార్చి 13

నర్సరీ ఓనరమ్మ షరతు పెట్టింది. ల్యాబ్ మట్టి పనికిరాదట, ఇళ్ళల్లో ఉండే మామూలు మట్టిలో కుళ్ళి చూపించాలట. మా బాల్కనీలో రెండు కుండీల్లో పాతాం. ఒకదాంట్లో క్లే ఉన్న ముక్క, ఒకదాంట్లో లేనిది.

ఏప్రిల్ 26

తవ్వాం. క్లే ఉన్న కుండీలో ఏమీ లేదు! ఏమీ దొరకలేదని ఎగిరి గంతేసే ఉద్యోగం లోకంలో మాదొక్కటేనేమో. మేనేజర్ అప్పటికప్పుడే ఓనరమ్మకి మెయిల్ కొట్టేశాడు. అందరికీ ఐస్‌క్రీమ్ తెప్పించాడు కూడా. వదిన కప్పు అలాగే కరిగిపోయింది.

ఏప్రిల్ 27

క్లే లేని ముక్క ఇంకా తునకలుగా మిగిలి ఉందే, బలమైనది ముందే ఎలా మాయమైంది? పొద్దున్నే ఇదీ వదిన ప్రశ్న. సంబరంలో నాకు తట్టనే లేదు. చివరికి వెళ్ళి, కుండీ ఏమైనా కదిపారా అత్తయ్యా అని మా అమ్మనే అడిగింది.

మట్టి గుల్ల చేస్తుంటే ప్లాస్టిక్ ముక్క చేతికి తగిలిందట. తీసి చెత్తబుట్టలో పడేసిందట. మొక్క దగ్గర ప్లాస్టిక్ కనిపిస్తే ఎవరైనా తీసెయ్యరా అని ఎదురు ప్రశ్న ఒకటి. నాకు ఒళ్ళు మండిపోయి అమ్మ మీద అరిచాను. వదిన నన్నే కసిరింది. చెప్పకపోవడం మన తప్పు, అత్తయ్య చేసింది సబబే అంది.

ఏప్రిల్ 28

మేనేజర్ కాళ్ళా వేళ్ళా పడ్డాడు. ఎవరికి తెలుస్తుంది, నోరు మూసుకుంటే పోలా అన్నాడు. ఆర్డర్ పోతే వదిన ఉద్యోగం పోతుంది, నాదీ పోతుంది. వదిన అతని ఎదురుగానే ఫోన్ తీసి ఓనరమ్మకి ఉన్నదున్నట్టు చెప్పేసింది. మా ముక్కని మట్టి తినలేదండీ, మా అత్తగారు పారేశారు అని. అవతల ఆవిడ పగలబడి నవ్వడం నాకూ వినిపించింది. నవ్వడం అయ్యాక, ఇంకొక్కసారే చూస్తాను, ఈసారి తవ్వేది నేనే అని పెట్టేసిందట.

నాకు భయంగా ఉంది. అయినా ఇంత నిబ్బరమైన మనిషి మా ఇంటికి రావడం మా అదృష్టం. ఎదురుగా అంటే నెత్తికెక్కుతుంది కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

మే 9

కొత్త ముక్క పాతాం. అమ్మ కుండీకి కాపలా కాస్తోంది. అన్నయ్యని బాల్కనీలోకి అడుగు పెట్టనివ్వడం లేదు. పాపం వాడి బట్టలు హాల్లో ఆరుతున్నాయి.

జూన్ 30

రేపు ఓనరమ్మ వస్తోంది. పోతే పోయింది, ఇంకెక్కడైనా మొదటినుంచి మొదలుపెడదాం అంటోంది వదిన, గోళ్ళు కొరుక్కుంటూ. ఎక్కడికైనా సరే, నేను ఈమె వెనకే.

జూలై 1

దొరికింది, చిల్లులు చిల్లులుగా. ఓనరమ్మ వేళ్ళతో పట్టుకోగానే పొడిపొడిగా రాలింది. ఆర్డర్ ఇచ్చేసింది. వదినకి వినపడలేదు, ఏడుస్తోంది. అమ్మ ఆ పొడిని మళ్ళీ మట్టిలో కప్పెట్టింది. తింటున్నవాళ్ళని మధ్యలో లేపకూడదట.