మగ్గం ఆపిన రోజు

ఎమ్మిగనూరు, బుధవారం

పక్కింటి సుంకమ్మక్కను మధ్యాహ్నం ఆమె మొగుడు మళ్లీ కొట్టాడు. ఇలాంటప్పుడు మా నేతవీధిలో ఎవరూ మగ్గం ఆపరు. ఇంకా గట్టిగా ఆడిస్తారు. వినపడనట్టు ఉండటమే మర్యాదట! పదేళ్లుగా నేనూ అలాగే నేశాను.

ఇవాళ చేతులాడలేదు. ఆపేశాను.

నూలు కండెలు చుడుతున్న అత్త కసిరింది. "అన్నం మాడిస్తే మొగుడు కొట్టడా? మీ మామ నన్ను కొట్టల్యా? నేను బతకల్యా? మగ్గం ఆడించు."

మా ఆయన ఏమంటాడోనని భయపడ్డాను. ఆయన కూడా మగ్గం ఆపి, "పోదాం పా" అన్నాడు.

వెళ్లి తలుపు తట్టాం. "ఈడ మీకేం పని?" అన్నాడు ఆ మనిషి.

"మగ్గం ఆపొచ్చినామన్నా. అక్క మాతో వచ్చేదాంకా మాకు ఇంగే పనీ ల్యా" అన్నాను. గడప దగ్గర నుంచి కదల్లేదు.

అక్క ఇప్పుడు మా ఇంట్లోనే పడుకుంది. రేపు అతను వచ్చి పంపమంటే ఏం చెప్పాలో ఇంకా తెలియదు. మళ్లీ కొడితే మాత్రం మళ్లీ ఆపుతాను.

ఆమెకు అన్నం పెట్టింది అత్తే. తర్వాత గిన్నె కడుగుతూ, నా వైపు చూడకుండా అంది: "ఆ పొద్దు నా కోసం ఒక్క మగ్గమన్నా ఆగల్యా."